పీజీలో జాయిన్ అయ్యే ముందు నెలరోజులు: ఏం చేయాలి, ఎలా చేయాలి

మెడికల్ పీజీ (ఎంబీబీఎస్ తర్వాత స్పెషలిస్టు చదువు) కౌన్సెలింగ్ లిస్టు బయటికి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జనరల్ మెడిసిన్ సీటొచ్చింది, జాయినింగ్‌కి ఇంకా నెల ఉంది, ఏ పుస్తకం చదవమంటావు?" శ్రీకాకుళం రిమ్స్‌లో చదివినవాళ్ళు, రాగోలు, నెల్లిమర్ల మెడికల్ కాలేజీల వాళ్ళు, ఎక్కడో గుంటూరులో ఇంటర్న్‌షిప్ చేసి ఇప్పుడు మా శ్రీకాకుళం జిల్లాకి వస్తున్నవాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

పుస్తకం వద్దు. నీట్ పీజీ కోసం చదివిందంతా బుర్రలోనే ఉంది, నెలలో ఎక్కడికీ పోదు. రాత్రి రెండింటికి సిస్టర్ మీ వైపు తిరిగి "ఏం చేద్దాం డాక్టర్?" అంటే ఆ మొదటి పది నిమిషాలు చేతులు ఏం చేయాలి, పైవాళ్ళకి ఫోన్లో ఏం చెప్పాలి, అదే ఇంకా రాలేదు. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు వెనక్కి తిరిగి చూస్తే పీజీ ఉండేవాడు. ఇప్పుడు ఆ పీజీ మీరే.

నేను జనరల్ మెడిసిన్ వైపు నుంచి రాస్తున్నాను, మిగతా బ్రాంచీలకి తేడా ఉన్నచోట చెప్తాను. డోసులు పెద్దవాళ్ళవి. మీ యూనిట్లో రాసిపెట్టిన ప్రోటోకాల్ ఉంటే అదే ఫైనల్, నా మాట పక్కన పెట్టేయండి.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పేరు రాసిన స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న వాచీ, టార్చి, మోకాలి సుత్తి, సొంత పల్స్ ఆక్సీమీటరు, ముందు మూసి ఉండే చెప్పులు లేదా బూట్లు, పవర్ బ్యాంకు. పెన్నులు అరడజను, ఎందుకంటే రౌండ్స్ అయ్యేసరికి ఒక్కటి మిగిలితే గొప్ప. సెల్‌ఫోన్ టార్చి ఉందిగా అనకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ ఛార్జింగ్ ఉంటే మాట్లాడుకోవడానికి, కంటిపాప చూడటానికి టార్చి వేరేగా ఉండాలి.

ఇవి కాక ఒక మనిషి కావాలి. మీతోపాటే జాయిన్ అవుతున్న స్నేహితుడో స్నేహితురాలో, రోజుకి అరగంట ఫోన్లో మీకు ప్రశ్నలు వేయడానికి.

1. కాగితాలు, టీకాలు మొదటి మూడు రోజుల్లో ముగించండి

ఏయే సర్టిఫికెట్లు కావాలో నోటిఫికేషన్లో ఉంటుంది, అది చూసుకోండి. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చే ముందు ప్రతి పేజీ, వెనకవైపు స్టాంపులతో సహా, స్కాన్ చేసి పెట్టుకోండి. తర్వాత బ్యాంకుకో ఇంకోదానికో కావాలంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సొస్తుంది. ఎక్కువమంది ఇరుక్కునేది ఇంటిపేరు దగ్గర: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో చివర. ఈ నెలలోనే సరిచేయించుకోండి. ఇంటర్న్‌షిప్‌కి తీసుకున్న ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్‌తో పని జరగదు, పర్మనెంటు కావాలి.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పడ్డాయా? "ఫస్టియర్లో వేసినట్టు గుర్తు" అనేది లెక్కలోకి రాదు. యాంటీబాడీ టైటర్ (టీకా రక్షణ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి, 10 దాటితే నిశ్చింత. తక్కువుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, 0, 1, 6 నెలల లెక్కన.

2. కొద్ది ఎమర్జెన్సీలు, కానీ నోటికి వచ్చేలా

యాభై పెట్టుకుంటే ఒక్కటీ రాదు. నేను ఎంచినవి ఇవి.

గుండె ఆగడం. నేల మీద గట్టి దిండు వేసి, ఫోన్లో మెట్రోనోమ్ యాప్ 110కి పెట్టి రెండు నిమిషాలు ఆపకుండా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, 30 నొక్కులకి 2 శ్వాసలు. అడ్రినలిన్ 1 మి.గ్రా. ప్రతి 3-5 నిమిషాలకి. మోచేతులు వంగుతున్నాయా అని ఎవరినైనా వీడియో తీయమనండి, దాదాపు అందరికీ రెండో నిమిషంలో వంగుతాయి, అందుకే రెండు నిమిషాలకి మనిషి మారాలి. సాధారణంగా చేసే తప్పు, పల్స్ ఉందా లేదా అని అర నిమిషం వెతకడం. పది సెకన్లలో దొరక్కపోతే నొక్కడం మొదలుపెట్టాలి.

ఇంజెక్షన్ రియాక్షన్. అడ్రినలిన్ ఆంప్యూల్ మిల్లీలీటరుకి 1 మి.గ్రా. ఉండేది, అందులో అర మిల్లీలీటరు, తొడ బయటివైపు కండలోకి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ. ముందు ఎవిల్, హైడ్రోకార్టిజోన్ లాంటి అలర్జీ సూదులు ఇచ్చి "చూద్దాం" అంటూ నిలబడటమే ఇక్కడ జరిగే పొరపాటు. రేడియాలజీ వాళ్ళూ, ఇది మాకెందుకు అనుకోకండి, స్కాన్ కోసం నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించేది మీ గదిలోనే.

షుగర్ పడిపోవడం. దీనికి నా సంగతే చెప్తాను. నా మొదటి వారంలో, ఆసుపత్రి పేరు అనవసరం, తెల్లవారుజామున ఒక పెద్దాయనని తెచ్చారు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది, భార్య "పచ్చవాతం వచ్చీసినాదమ్మా" అని ఏడుపు. నేను స్ట్రోక్ అని రాసి, సీటీకి రాసి, హడావుడిగా స్ట్రెచర్ తోయించాను. సీటీ గది బయట ఒక సిస్టర్ నెమ్మదిగా "షుగర్ ఎంతుందండీ?" అంది. చూడలేదు. చూస్తే 38. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఎక్కుతుండగానే ఆయన లేచి తువ్వాలు ఏదని అడిగాడు. షుగర్ బిళ్ళ వేసుకుని రాత్రి తినకుండా పడుకున్నాడట. అప్పటినుంచి స్పృహ తగ్గినా, ఫిట్స్ వచ్చినా, చెయ్యి పడిపోయినా, తాగి పడిపోయాడని తెచ్చినా, ముందు వేలు గుచ్చుతాను. ఇంకో హెచ్చరిక: కిడ్నీ సరిగా లేనివాళ్ళలో ఆ బిళ్ళ ఒంట్లోంచి త్వరగా పోదు, షుగర్ మళ్ళీ పడుతుంది. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి పంపకండి. కనీసం ఒక రోజు ఉంచి, గంట గంటకీ చూడండి.

కిడ్నీ చెడి పొటాషియం పెరగడం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల పేర్లు కేస్‌షీట్ మీద కనబడితే కిడ్నీ గురించి అడగకుండా ముందుకి వెళ్ళకండి. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని ఉద్దానం కిడ్నీ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్ళలో ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి మొదలైనా, డయాలసిస్ తప్పినవాళ్ళు అర్ధరాత్రి ఏ క్యాజువాల్టీకైనా రావచ్చు. "కాళ్ళు లేవట్లేదు" అంటే ముందు ఈసీజీ. టీ వేవ్స్ గుడారంలా లేచినా, పీ వేవ్స్ మాయమైనా, క్యూఆర్ఎస్ వెడల్పైనా ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. మానిటర్ చూస్తూ 5-10 నిమిషాల్లో, ఈసీజీ మారకపోతే మళ్ళీ. అది గుండెని కాపాడుతుంది గానీ పొటాషియాన్ని దించదు. దించడానికి రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ.తో కలిపి. ఇది ఇచ్చాక ఆరు గంటలపాటు షుగర్ చూస్తుండాలి, అది మర్చిపోతే పైన చెప్పిన 38 మళ్ళీ ఎదురవుతుంది. కాల్షియం ఎక్కిన లైన్లోనే బైకార్బొనేట్ ఎక్కించకండి, గడ్డకడుతుంది.

దీనికి ఎదురు ప్రమాదం ఒకటుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూడటానికి మిగతా ఆంప్యూల్స్‌లాగే ఉంటుంది. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఎవరు ఎంత తొందర పెట్టినా లేబుల్ పైకి చదివి, బాటిల్లో కలిపే ఇవ్వాలి.

పాముకాటు. తొలకరి నుంచి వరికోతల దాకా వస్తూనే ఉంటాయి. రక్తపింజర అయితే కాలు వాపు, రక్తం గడ్డకట్టదు. కట్లపాము అలా దొరకదు: రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అంటాడు, కాటు గుర్తు కనబడదు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. గ్యాస్ అని పాంటాప్ (ఎసిడిటీ మందు) ఇచ్చి పంపేస్తే అంతే సంగతులు. రెప్పలు ఎత్తమనండి, మెడ ఎత్తమనండి. రక్తం గడ్డకట్టే పరీక్ష మీ చేత్తో చేయడం నేర్చుకోండి: శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం, 20 నిమిషాలు కదపకుండా, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన ట్యూబు వాడినా, మధ్యలో రెండుసార్లు ఊపి చూసినా ఆ ఫలితాన్ని నమ్మలేం. విషం ఎక్కిన లక్షణాలుంటే యాంటీ వెనమ్ 10 వయల్స్‌తో మొదలు, పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము పిల్లాడని తక్కువ విషం వేయదు. పక్కన అడ్రినలిన్ లోడ్ చేసి ఉంచుకోండి. పాముని చంపి తెమ్మని బంధువుల్ని మాత్రం పంపకండి, ఇంకొకరు కాటు తిని వస్తారు.

పొలం మందు (విషం) తాగడం. డబ్బా తెమ్మనండి, ఇదే మొదటి మాట. "పురుగుల మందు" అన్నదీ "గడ్డి మందు" అన్నదీ ఒకటి కావు, కంగారులో బంధువులు రెండింటికీ "మందు" అనే అంటారు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందు అయితే అట్రోపిన్ 1.8 నుంచి 3 మి.గ్రా., ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తుల్లో గరగర పోయేదాకా. కంటిపాప పెద్దదైంది కదా అని ఆపడం తప్పు, వినాల్సింది ఛాతీని. అదే గడ్డి మందు పారాక్వాట్ అయితే అట్రోపిన్‌తో పనిలేదు, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడితే తప్ప ఆక్సిజన్ పెట్టకూడదు, పెడితే ఊపిరితిత్తులకి ఇంకా చేటు. అలవాటుగా అందరికీ మాస్క్ తగిలించే చోట ఇది గుర్తుండటం కష్టం, అందుకే రాస్తున్నాను.

గైనిక్ వాళ్ళు పాముకాటు బదులు ఎక్లాంప్సియా (బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ రావడం) పెట్టుకోండి. మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలో, 5 గ్రాముల చొప్పున రెండు పిర్రల్లో. తర్వాతి డోసు ముందు మోకాలి రిఫ్లెక్సు, నిమిషానికి 16 శ్వాసలు, గంటకి 30 మి.లీ. మూత్రం, మూడూ చూడాలి. పీడియాట్రిక్స్ వాళ్ళకి ముందు బరువు. కిలోకి ఎంత అన్నది తప్ప ఏ డోసూ గుర్తుపెట్టుకోకండి.

సరిచూసుకోవడం ఎలా? పుస్తకం మూసి, స్నేహితుడు ఫోన్లో "58 ఏళ్ళు, చెమటలు, బీపీ 70" అనగానే మీరు చేసే మొదటి ఐదు పనులు పైకి చెప్పాలి, అరవై సెకన్లలో. మనసులో అనుకోవడం వేరు. పైకి చెప్తేనే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది.

3. చేతి పనులు

మీ ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిలో ప్రొఫెసర్‌ని అడిగి క్యాజువాల్టీలో ఓ వారం నిలబడండి, సాధారణంగా కాదనరు. వీలుకాకపోతే కాలేజీ స్కిల్స్ ల్యాబ్. అదీ కుదరకపోతే కనీసం ఈసీజీ లీడ్స్ పెట్టడం, అంబూ బ్యాగ్ (శ్వాస ఇచ్చే సంచి) మాస్క్ రెండు చేతులతో బిగించడం, డీఫిబ్రిలేటర్ (గుండెకి షాక్ ఇచ్చే మెషిన్) ఆన్ చేసి జౌల్స్ సెట్ చేయడం. క్యాన్యులా (నరంలో పెట్టేది), రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి), ఫోలీస్ (మూత్రం గొట్టం), ఏబీజీ (ధమని నుంచి రక్తం తీయడం), ఇవి ఎన్ని చేశారో నోటుబుక్కులో నిజాయితీగా లెక్క రాయండి. ఐదుకన్నా తక్కువున్నవి జాయిన్ అయిన వారంలోనే సీనియర్‌తో "అన్నా, ఇది నాకు చేయి తిరగలేదు, పక్కన ఉండి చేయించు" అని చెప్పేయండి. మొదటి వారంలో ఈ మాట అంటే నేర్పిస్తారు. ఆరో నెలలో అంటే నవ్వుతారు.

సూది గుచ్చుకుంటే: సబ్బు, పారే నీళ్ళు, పిండకూడదు, వెంటనే రిపోర్టు. హెచ్ఐవీ మందు వీలైతే రెండు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు, 28 రోజులు వేసుకోవాలి. సిగ్గుపడి దాచిపెట్టినవాళ్ళని చూశాను.

4. సీనియర్‌కి ఫోన్ చేయడం ప్రాక్టీసు చేయండి

నవ్వకండి, అన్నిటికన్నా ఎక్కువగా దీని దగ్గరే దెబ్బతింటారు. నేను మొదట్లో చేసిన ఫోన్లన్నీ "సార్, ఒక పేషెంట్ వచ్చారు, మూడు రోజుల కింద జ్వరం వచ్చిందట, అప్పుడు ఊళ్ళో చూపించారట..." అని మొదలయ్యేవి. అవతల నిద్రలో ఉన్న మనిషికి అసలు లేవాలా వద్దా అన్నది తెలియదు.

డయల్ చేసే ముందు చేతిలో ఆరు ఉండాలి: పల్స్, బీపీ, శ్వాసల సంఖ్య, శాచురేషన్, షుగర్, స్పృహ. కేస్‌షీట్ ఎదురుగా. తర్వాత ఇలా:

"సార్, క్యాజువాల్టీ నుంచి ఫస్టియర్ని. సీరియస్ పేషెంట్, మీరు రావాలి. 52 ఏళ్ళు, డయాలసిస్ మీద ఉన్నాడు, రెండుసార్లు తప్పాడు, కాళ్ళు లేవడం లేదు. పల్స్ 44, బీపీ 100/60, శ్వాసలు 22, శాచురేషన్ 96, షుగర్ 110, స్పృహలో ఉన్నాడు. ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉంది. పొటాషియం అనుకుని కాల్షియం మొదలుపెట్టాను. డయాలసిస్‌కి చెప్పమంటారా?"

అర నిమిషం. ఏం కావాలో ముందే చెప్పడం ఇందులో కీలకం. ఫోన్ చేసిన టైము, ఏం చెప్పారో కేస్‌షీట్లో రాయండి. ఫోన్ ఎత్తకపోతే? రెండుసార్లు చూసి పైవాళ్ళకి చేయండి, తిడతారు, తిట్టనివ్వండి. "ఈపాటి దానికి ఫోనా" అన్న తిట్టుకి భయపడి తెల్లారేదాకా ఆగిన కేసులు మార్నింగ్ రౌండ్స్‌లో ఎలా ఉంటాయో చూశాను, ఆ మౌనంకన్నా తిట్టు నయం.

హ్యాండోవర్ కూడా ఇదే పద్ధతి, కాకపోతే బెడ్ పక్కన నిలబడి. "అంతా స్టేబుల్" అన్న మాటని ఒప్పుకోకండి, మీరూ అనకండి. ఎవరు రాత్రికి చెడొచ్చు, చెడితే ఏం చేయాలి, ఏ రిపోర్టు రావాలి, ఈ మూడూ అడిగి రాసుకోండి.

5. మా వాళ్ళ మాట

బయట జిల్లాలవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, తెలుగే కదా అని. "మందులు ఒగ్గీసినాను" అంటే మానేశాడు. బీపీ 220 ఎందుకుందో ఆ ఒక్క మాటలో ఉంది. "ఏటైనాది?" అని మీరడిగితే చాలు, సగం చరిత్ర బయటికొస్తుంది. "ఒంటికి అవుతున్నాదా" అంటే మూత్రం, "రెంటికి" అంటే విరేచనం. పెళ్ళైన ఆడవాళ్ళకి కడుపునొప్పి అయితే "ప్రెగ్నెంటా?" కంటే "నెల తప్పిందామ్మా?" అనండి, మగవాళ్ళని కొంచెం బయటికి పంపి. "గ్యాస్" అంటే మాత్రం ఏదైనా కావచ్చు. నలభై దాటిన మనిషి గ్యాస్ అంటే ఈసీజీ తీయందే వదలకండి.

"ఇంతకుముందు ఏం వాడారు?" అంటే "ఏటీ లేదు" అంటారు. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన సూదిమందు, నొప్పి బిళ్ళలు, పసరు, ఇవి వాళ్ళ లెక్కలో మందులే కావు. ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. కిడ్నీ జిల్లాలో నొప్పి బిళ్ళ సంగతి వదిలేస్తే చరిత్ర తీసుకున్నట్టే కాదు.

ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా మాట్లాడేవాళ్ళు ఎక్కువ. "కేతే దిన హెలా?" అంటే ఎన్నాళ్ళైంది, "జొర" అంటే జ్వరం, "పేట" అంటే కడుపు. మూడు మాటలు వచ్చినా ముసలమ్మ ముఖం విప్పారుతుంది. సీతంపేట కొండల నుంచి వచ్చే సవర పెద్దవాళ్ళ దగ్గర మాత్రం తెలుగు వచ్చిన బంధువుని పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పింది తిరిగి చెప్పించుకోండి.

6. ఒళ్ళు, ఇల్లు

ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, మొదటి మూడు నెలలు ఫోన్ ఎత్తకపోవచ్చు, పెళ్ళిళ్ళకి రాకపోవచ్చు అని. చెప్పకపోతే ప్రతి మిస్డ్ కాల్‌కి ఒక టెన్షన్. బ్యాగులో వేరుశెనగ ఉండలో బిస్కెట్లో ఉంచండి. నైట్ డ్యూటీ అయ్యాక హైవే మీద బండి నడపొద్దు, ఆటో ఎక్కండి, లేదా రెండు గంటలు పడుకుని వెళ్ళండి. 2023 పీజీ రెగ్యులేషన్స్‌లో వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల లీవు రాసుంది. పని ఒత్తిడిని బట్టే దొరుకుతుంది, అయినా ఉందని తెలిసుండాలి. నిద్ర పట్టక, ఏడుపొస్తూ, బతకాలనిపించనంత భారంగా ఉంటే 14416కి చేయండి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.

బయటినుంచి రైల్లో వచ్చేవాళ్ళకి ఓ మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊరికి ఇంకా బస్సో ఆటోనో పట్టాలి. జాయినింగ్ రోజు పొద్దున్నే దిగి ఈ సంగతి తెలుసుకుని పరుగులు పెట్టినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

7. మొదటి రోజు

థీసిస్ టాపిక్, రీసెర్చ్ కోర్సు, లైఫ్ సపోర్ట్ కోర్సు, అవన్నీ మొదటి ఏడాదిలో ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ చెప్తుంది. మొదటి రోజు వాటి గురించి అడిగి ఎవర్నీ విసిగించకండి. వార్డులో అందరికన్నా సీనియర్ సిస్టర్‌ని వెతికి పట్టుకుని, పేరు అడిగి, "మేడమ్, నేను కొత్త, ఎమర్జెన్సీ ట్రాలీ ఒకసారి చూపిస్తారా?" అనండి. మందుల అలమారా తాళం రాత్రిళ్ళు ఎవరి దగ్గరుంటుంది, బ్లడ్ బ్యాంక్ నంబరు, సిలిండర్ స్పానర్ ఎక్కడ, సక్షన్ మెషిన్ ఏ ప్లగ్గులో పెడితే పనిచేస్తుంది, అన్నీ నోటుబుక్కులో. తర్వాత ట్రాలీలో లారింగోస్కోప్ (శ్వాస గొట్టం వేసేటప్పుడు గొంతులోకి చూసే పరికరం) తీసి బ్లేడు తగిలించి బల్బు వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే అప్పుడే సిస్టర్‌కి చెప్పండి, మీ బ్యాగులో కూడా ఆ సైజు బ్యాటరీలు ఒక జత ఉంచుకోండి.